సుమారుగా గుళ్ళో ఉన్నాను

గ్యాసు బుక్ చేయడం, పాలవాడి లెక్క, బంధువుల పెళ్ళిళ్ళలో చదివింపులు ఎంతో తేల్చడం లాంటి చిల్లర శాఖలన్నీ మా ఇంట్లో మా ఆవిడవి. లొకేషన్ శాఖ ఒక్కటే నాది. ఎవరి ఫోన్‌లో ఏ యాప్‌కి మన ఆచూకీ ఎంతవరకు తెలియాలి, అందుకు ఎంత బ్యాటరీ ఖర్చు పెట్టొచ్చు అన్న విషయాల్లో సర్వాధికారాలూ నావే. ఎవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను.

దీనికంతటికీ మూలం ఒక టార్చి యాప్. ఓ రాత్రి కరెంటు పోతే కొవ్వొత్తి వెతకడానికని దించుకున్నాను. ఫోన్‌లో టార్చి ముందే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. అది వెలిగే ముందు నా లొకేషన్ అడిగింది. నా చేతిలో ఉన్న దీపానికి నేనెక్కడున్నానో ఎందుకూ అని ఆలోచిస్తూ నడిచి, చీకట్లో బల్లకి మోకాలు కొట్టుకున్నాను. ఆ నొప్పిలోంచి పుట్టింది నా గోప్యతా ఉద్యమం.

మర్నాడే చదువు మొదలుపెట్టాను. ముందుగా ఒక అపోహ వదిలింది. పైనుంచి ఉపగ్రహం మనల్ని చూస్తూ ఉంటుందనుకునేవాణ్ణి. డాబా మీద లుంగీ సర్దుకునేటప్పుడు కూడా ఆకాశం వైపు ఓసారి జంకుగా చూసేవాణ్ణి. తీరా చూస్తే దానికి మన సంగతే తెలియదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, నేను ఫలానా, ఇప్పుడు టైము ఇంత అని రేడియోలా చెప్పుకుపోవడమే జీపీఎస్ ఉపగ్రహం పని. ఫోను వింటుంది. కనీసం నాలుగింటి మాట విని, ఏ మాట ఎంత ఆలస్యంగా చెవిన పడిందో చూసి, తానెక్కడుందో తనే లెక్క కట్టుకుంటుంది. మన శ్రీహరికోట నుంచి 2013లో మొదలుపెట్టి పంపిన నావిక్ ఉపగ్రహాలదీ ఇదే పద్ధతి. అంటే మన గుట్టు ఆకాశంలోంచి పోదు, జేబులోంచి పోతుంది. లెక్క తేలాక ఆ జవాబుని ఏ యాప్ ఎవరి చెవిన వేస్తుందన్నదే అసలు గొడవ.

శ్లాబు కింద కూర్చుంటే ఆ రేడియో సరిగ్గా వినబడదు. అప్పుడు ఫోను చుట్టుపక్కల వైఫైలనీ సెల్ టవర్లనీ చూసి ఊహిస్తుంది. వైఫై కట్టేశాను కదా అని నేను ధీమాగా ఉన్నానా, లోపలెక్కడో ‘వైఫై స్కానింగ్’ అని ఇంకో మీట ఉంది. అది వేసి ఉంటే, వైఫై కట్టేసినా ఇరుగుపొరుగు వైఫైల్ని వెతుకుతూనే ఉంటుంది. వీధి తలుపు గడియ పెట్టి పెరటి తలుపు బార్లా తెరిచినట్టు. ‘లొకేషన్ హిస్టరీ’ ఆపేసినా మరో మీట కింద గూగుల్ మన ఆనవాళ్ళు దాచుకుంటోందని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. 2022లో గూగుల్ అమెరికాలోని 40 రాష్ట్రాలతో 39.15 కోట్ల డాలర్లకి రాజీ పడింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా విలువ అందులో ఎన్ని పైసలో లెక్క వేస్తూ పడుకున్నాను.

పూర్వం ఆండ్రాయిడ్‌లో మూడే రకాలుండేవి. బాగా ఖచ్చితంగా, బ్యాటరీ పొదుపుగా, ఒట్టి ఫోను సాయంతోనే. నాలాంటివాడికి మూడు చాలు. 2018లో వచ్చిన తొమ్మిదో ఆండ్రాయిడ్‌తో అది పోయింది. తర్వాత ఒక్కో యాప్‌తో ఒక్కో బేరం. ‘ఎల్లప్పుడూ’, ‘యాప్ వాడుతున్నప్పుడు’, ‘ఈసారి మాత్రమే’, ‘వద్దు’. 2021 నుంచి దాని మీద ఇంకో ప్రశ్న, ఖచ్చితంగానా సుమారుగానా అని. సుమారుగా అంటే 3 చదరపు కిలోమీటర్ల మేరలో ఎక్కడో ఉన్నాడులే అని చెప్పడం. వీటిలో ‘ఈసారి మాత్రమే’ అన్న మాట నాకు భలే నచ్చింది. షుగరు వచ్చిన దగ్గర్నుంచి మిరపకాయ బజ్జీల విషయంలో నేను పాటిస్తున్న విధానం అదే. వారానికి ఒక్కసారి, అదీ రెండే రెండు.

ఓ ఆదివారం పొద్దున్న టిఫిన్ కూడా మానేసి నలభై ఆరు యాప్‌లకీ తీర్పులు చెప్పాను. ఆ తీర్పుల నాణ్యత సోమవారం తెలిసింది. బైక్ ట్యాక్సీ వాడికి ‘సుమారుగా’ ఇచ్చాను. పంచాంగం యాప్‌కి మాత్రం, శాస్త్రం కదా అని, ‘ఖచ్చితంగా’, అందులోనూ ‘ఎల్లప్పుడూ’ ఇచ్చాను. పంచాంగానికి ఊరు కావాలన్నది నిజమే. సూర్యోదయాన్ని బట్టే కదా రాహుకాలం. కానీ రేఖాంశంలో ఒక డిగ్రీ, అంటే మన దగ్గర సుమారు 106 కిలోమీటర్లు జరిగితే సూర్యోదయానికి వచ్చే తేడా 4 నిమిషాలు. రెండు మూడు కిలోమీటర్లు అటూ ఇటూ అయితే కొన్ని సెకన్లు. ఏతావాతా రాహుకాలానికి మా వంటింట్లో స్టవ్ ఏ మూలనుందో తెలుసు, బైక్ ట్యాక్సీ వాడికి మేం కూకట్‌పల్లిలో ఉంటామని మాత్రమే తెలుసు.

“సార్, నేను లొకేషన్‌లనే ఉన్న. మీరెక్కడున్నరు?”

“నేనూ లొకేషన్‌లోనే ఉన్నాను బాబూ.”

ఇద్దరం ఇరవై నిమిషాలు ఎవరి లొకేషన్‌లో వాళ్ళం నిలబడ్డాం. ఆఖరికి మా ఆవిడ ఫోన్ లాక్కుని, “రామాలయం సందు, నీలం గేటు, ముందు వేపచెట్టు” అంది. రెండు నిమిషాల్లో వచ్చాడు.

బ్యాటరీ సంగతి త్వరగా కానిచ్చేస్తాను, అందులో నా పరువు మరీ తక్కువ. ఇన్ని బిగించినా సాయంత్రం ఆరయ్యేసరికి నా ఫోను ఐదు శాతానికి వచ్చి మూలిగేది. ఏ యాప్ తాగేస్తోందో పట్టుకుందామని బ్యాటరీ లెక్కల పేజీ తెరిచాను. గంటలకొద్దీ దారి చూపించమంటే జీపీఎస్ బాగానే తింటుంది గానీ, నా లెక్కలో లొకేషన్ వాటా కనబడీ కనబడనంత. మొదటి స్థానం తెరది. రెండోది సెట్టింగ్స్‌ది. బ్యాటరీ ఏమైపోతోందో అని రోజంతా సెట్టింగ్స్ తెరిచి చూస్తున్నది నేనే. జన్మలో ఆ పేజీ తెరవని మా ఆవిడ ఫోను రాత్రి పడుకునేటప్పుడు కూడా సగానికి పైన ఉంటుంది. మధ్యలో కొన్నాళ్ళు బ్యాటరీ సేవర్ కూడా పెట్టాను. తెర ఆరగానే లొకేషన్ కూడా నిద్రపోయింది. ఫోన్ జేబులో వేసుకుని చెరువు చుట్టూ నడిచొస్తే, నడక యాప్ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సూటిగా గీత గీసి, నన్ను నీళ్ళ మీద నడిచిన మహాత్ముణ్ణి చేసింది.

ఇంకోసారి మ్యాపులో నా బాణం తూర్పుకి బదులు పడమర చూపిస్తోంది. దిక్సూచి సరిచేయడానికి ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పమంది. బాల్కనీలో పొద్దున్నే, స్నానం చేసి, బొట్టుతో, నిష్ఠగా తిప్పుతున్నాను. ఎదురు అపార్ట్‌మెంట్ పెద్దావిడ చూసి రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది. ఆపేస్తే బాగుండదని మరో మూడుసార్లు తిప్పాను.

ఖచ్చితత్వం మీద నా నమ్మకం ఇంకా చావలేదు. అది అత్తాపూర్‌లో చచ్చింది. మా చిన్నాన్న మనవరాలి నిశ్చితార్థం అక్కడ. మెహదీపట్నం దాటాక ఆరాంఘర్ దాకా పోయే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే కింద బతికేవాళ్ళ చిరునామాలన్నీ పిల్లర్ నంబర్లే. ఫలానా పిల్లర్ ఎదురుగా ఫంక్షన్ హాలు అన్నారు. “పిల్లర్లతో పనేముంది, లొకేషన్ పెట్టేశాను” అని మా ఆవిడ చేతిలో చీటీని చులకనగా చూశాను. ఆ రోజు అన్నీ ‘ఖచ్చితంగా’ పెట్టాను, వైఫై స్కానింగ్‌తో సహా. మెహదీపట్నంలో ఫోను నేరుగా పొమ్మంది. నేను నేరుగా పోయాను, పైకి. వంతెన మీద రోడ్డు, వంతెన కింద రోడ్డు, మ్యాపు మీద రెండూ ఒకే చోట ఒకదాని మీద ఒకటి పడుకున్న గీతలు. అటూ ఇటూ ఎక్కడున్నామో బాగానే చెప్పే జీపీఎస్, పైనా కిందా విషయంలో తడబడుతుంది. ఆ తడబాటుకి సెట్టింగ్స్‌లో ఏ మీటా లేదు.

గాల్లో దూసుకుపోతుండగా ఫోను తియ్యగా అంది, “మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు.”

నిజమే. నిట్టనిలువునా చూస్తే చేరుకున్నాం. సన్నాయి కూడా వినబడినట్టనిపించింది.

“దూకమంటారా?” అంది మా ఆవిడ, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

ఈలోగా తమ్ముడి ఫోను. “అన్నయ్యా, ఎక్కడున్నారు? పిల్లర్ నంబర్ ఎంత కనబడుతోంది?” పిల్లర్ల మీద ఉన్నవాడికి పిల్లర్ నంబర్ ఎలా కనబడుతుంది? ఆరాంఘర్ దాకా పోయి, కింద నుంచి తిరిగి, పిల్లర్లు లెక్కపెట్టుకుంటూ వచ్చేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. చీటీ మా ఆవిడే చదివింది. నేను పిల్లర్లు చూశాను.

ఇంతకీ అసలు ఒప్పుకోవలసింది ఇంకా చెప్పలేదు. ఈ గోప్యతా ఉద్యమమంతా నా ఒక్కడి గోప్యత కోసమే. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి లొకేషన్ మాత్రం నాకు ఖచ్చితంగా, ఎల్లప్పుడూ కావాలి. నాదైతే గోప్యత, దానిదైతే భద్రత. చేరిన రోజునే మ్యాపుల్లో షేర్ చేయించుకున్నాను. ఆ షేరింగ్‌లో మనిషి ఎక్కడుందో చూపడమే కాదు, ఆ మనిషి ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో కూడా చూపిస్తుంది. ఆడపిల్ల తండ్రి చేతికి అది ఇవ్వకూడదు.

“నాన్నా, రాత్రి పదకొండింటికి ఏంటి ఫోను?”

“నీ బ్యాటరీ పన్నెండు శాతం ఉందమ్మా.”

“మీటింగ్‌లో ఉన్నాను నాన్నా.”

“ఛార్జర్ లేదా అక్కడ? చూడు, పదకొండయింది.”

“నువ్వు మాట్లాడుతున్నావు కాబట్టి అయింది.”

సంక్రాంతికి వచ్చినప్పుడు దోసె తింటూ అడిగింది, నీ లొకేషన్ ఎవరు చూస్తారు నాన్నా అని. నాది దేనికమ్మా, ఆఫీసు, ఇల్లు, నడక, అంతేగా అన్నాను. “అంతే అయితే భయమెందుకు?” అని నా ఫోను తీసుకుని, వాళ్ళమ్మకి షేర్ పెట్టేసింది. గంట, రోజు కాదు. ‘మీరు ఆపేవరకు’ అట. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. ఆపకపోతే ఎక్కడున్నావని అడుగుతారు.

నెల తిరక్కుండానే అడిగింది మా ఆవిడ. నడక నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. ఫోను నా మొహం ముందు పెట్టింది. మ్యాపు మీద నా ఫోటో ఉన్న గుండ్రటి బిళ్ళ ఆంజనేయస్వామి గుడినీ, గుడి గోడకి ఆనుకుని ఉన్న బజ్జీల బండినీ కలిపి కప్పేసింది.

“ఇరవై నిమిషాలు ఇక్కడే ఉన్నారు. ఏమిటి సంగతి?”

ఇన్నాళ్ళ చదువు ఎందుకు పనికొస్తుందా అనుకున్నాను, ఆ క్షణాన పనికొచ్చింది. ఆరుబయట ఎంత మంచి ఫోనైనా అయిదు మీటర్లు అటూ ఇటూ చెబుతుందనీ, బండికీ గుడి మెట్లకీ మధ్య మూడు మీటర్లకి మించదనీ, కాబట్టి మనిషి బండి దగ్గరున్నాడో స్వామి దగ్గరున్నాడో అమెరికా వాడు కూడా తేల్చలేడనీ, కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించాను.

“అయితే గుళ్ళో ఉన్నారా?”

“సుమారుగా” అన్నాను. వెంటనే దిద్దుకుని, “ఖచ్చితంగా” అన్నాను.

ఆమె మొహం వికసించింది. చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. ఆయనకి భక్తి కుదిరిందని సాయంత్రం అమ్మాయికి ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. వచ్చే మంగళవారం నేనూ వస్తాను, ఆకుపూజ చేయిద్దాం అంది.

మంగళవారం వెళ్ళాం. పూజారిగారు పళ్ళెం అందుకుంటూ నన్ను ఎగాదిగా చూసి, “గోత్రం?” అన్నారు. చెప్పాను. “కాలనీకి కొత్తగా వచ్చారా?” అన్నారు ఆప్యాయంగా. మా ఆవిడ నావైపు చూసింది. నేను స్వామివైపు చూశాను.

బయటికొచ్చి, బండికి వీపు పెట్టి, వంగి చెప్పులు వేసుకుంటున్నాను. వెనక నుంచి, కాగుతున్న నూనె మోతలోంచి వినబడింది.

“సార్, ఇయాల లేటైందేంది? రోజు లెక్కనే నాలుగు తీసి పక్కకు పెట్టిన, సల్లారుతున్నయ్.”