సెప్టిక్ ట్యాంకు సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: గృహస్థుడు తన స్థలమందే సెప్టిక్ ట్యాంకు కట్టవలెను, ప్లానులో చూపవలెను.

అవతారిక: ఇది ఏ ప్రాచీన గ్రంథంలోదీ కాదు. మార్కాపురం దగ్గరి పెద్దారవీడులో ఇల్లు కట్టబోయేవారు పంచాయతీకి పెట్టుకునే అర్జీ సారాన్ని పిండి, వ్యాఖ్యాతే కూర్చుకున్న సూత్రం.

టీక: 'స్థలమందే' అన్నచోటి ఏకారం పక్కింటి గోడను కాపాడుతున్నది. 'చూపవలెను' కాగితానికీ, 'కట్టవలెను' మేస్త్రీకీ చెందుతాయి. ఈ రెండు క్రియలూ గృహప్రవేశం నాటికే ముగిసిపోతాయి. ట్యాంకు పని మొదలయ్యేది మాత్రం ఆనాడే. బరువైనది అడుగున పేరుకుంటుంది, తేలికైనది పైన తెట్టు కడుతుంది, నడుమనున్న నీరు గొట్టం గుండా ఇంకుడు గుంతకు పోతుంది. ఆ అడుగు మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2013లోనే సలహా ఇచ్చింది. తీయించకపోతే మడ్డి గొట్టందాకా పెరిగి, నీటితోపాటే గుంతలోకి దొర్లుతుంది. కనుక సూత్రంలో లేని 'తీయించవలెను' అనే క్రియను అధ్యాహారం చేసుకోక తప్పదు. అది లేనిదే వాక్యానికి ఆకాంక్ష తీరదు. అనుమతి ఒక్కరోజుది, ట్యాంకు తరానిది. తనిఖీ ఈ మూడో క్రియకు కావాలన్నదే మా సిద్ధాంతం.

ఇంకించడానికి ఉత్సర్గం (సాధారణ నియమం) ఒకటి, అపవాదం (మినహాయింపు) ఒకటి ఉన్నాయి. మంచినీటి బావికి 18 మీటర్ల లోపు ఇంకుడు ఏర్పాటు ఉండరాదన్నది భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 రెండో భాగం చెప్పే ఉత్సర్గం. రాయి పగుళ్లుబారిన చోట అసలు ఇంకించడమే తగదు, ఆ సందుల్లో మురుగు చాలా దూరం పోగలదన్నది అపవాదం. మార్కాపురం చుట్టుపక్కల అపవాదమే ముఖ్యం. పొరలు పొరలుగా చీలే గుణం వల్లే ఇక్కడి రాయి పలకై బడిపిల్లల ఒళ్లోకి చేరింది. నేలకింద ఆ చీలికలే నీటికి దారులు. అలాంటి నేలలో టేపు పట్టి కొలిచిన 18 మీటర్లు బోరును కాపాడతాయన్న భరోసా లేదు.

'మా ట్యాంకు ఇరవై ఏళ్లయినా నిండలేదు, తీయించేదేముంది?' అని పూర్వపక్షం. ఇది గొప్పగా చెప్పుకునే మాట. నిజానికి అదే నేరాంగీకారం. నీరు కారని ట్యాంకు వాడకం మొదలైన కొద్దికాలానికే గొట్టం మట్టానికి నిండి, ఎప్పుడూ అలాగే ఉంటుంది. నిండలేదంటే అడుగు లేదని అర్థం. సిమెంటు వరలు దించి, కింద గచ్చు వేయకుండా వదిలి, దానికే ట్యాంకని పేరు పెట్టారన్నమాట. (ఆలంకారికులు దీన్ని ధ్వని అంటారేమో. ఇక్కడ అది ముక్కుకు తెలుస్తుంది.) 'బోరునీళ్లలో ఎటూ ఫ్లోరైడే, మేం తాగేది క్యాను నీళ్లు' అని మరొకరి వాదం. గిన్నెలు కడిగేది, పిల్లలు పుక్కిలించేది, గొడ్లు తాగేది ఏ నీళ్లో వారు చెప్పరు. ఫ్లోరైడు రాయి పెట్టిన శాపం. మురుగును మనం కొనితెచ్చుకుంటున్నాం.

తనిఖీ అంటే చేతులు తడపడమేనన్న ఆక్షేపం బలమైనది, కొట్టేయలేం. అందుకే కొత్త అధికారిని అడగడం లేదు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. మూత వేయకముందు ట్యాంకు అడుగును ఒకసారి చూడటం, ఆపైన మడ్డి తీసిన రసీదును ఇంటి నంబరు కింద రాసుకోవడం, అంతే. రసీదుకు తేదీ ఉంటుంది, మొహమాటం ఉండదు.

ఇక కర్త విషయం. 'తీయించవలెను' అన్నాం, తీసేది మనిషి కారాదు, యంత్రమే కావాలి. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. అలా దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ట్యాంకులో గాలి విషమని సూత్రం ఎక్కడా చెప్పదు.

యంత్రం వచ్చి పీల్చుకుపోయింది సరే, ఎక్కడ పోస్తుంది? వరంగల్ నగరపాలక సంస్థ మలవ్యర్థాల నిర్వహణకు 2016లోనే నిబంధనలు చేసుకుంది, తర్వాత శుద్ధి కేంద్రమూ పెట్టుకుంది. పల్లెలో ట్యాంకరు డ్రైవరుకు చీకటిపడ్డాక కనబడేది వాగే. సూత్రంలో 'తన స్థలమందే' అన్న మాట గృహస్థుడికుంది, ట్యాంకరుకు లేదు. పంచాయతీ ఆ స్థలం చూపేదాకా రసీదు మీద పోసిన చోటు కూడా రాయించాలని టీకాకారుడి మనవి.