సెక్యూరిటీ అలర్ట్ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సెక్యూరిటీ అలర్ట్ గారికి,

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల్లో మీ ఎదుట కూర్చునే ఈ ఉద్యోగంలో స్థిరపడిన దాన్ని. ఇన్నేళ్లూ మీరు ఏ వేళ పిలిచినా పలికాను. ఈ ఒక్కసారి నా మాట వినండి.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. రోజూ జరిగే తీరుకు భిన్నంగా కంప్యూటర్లో ఏదైనా జరిగితే చొరబాటును పట్టుకోవచ్చనే నమూనాను 1987లో ప్రచురించింది డొరతీ డెనింగ్. అమెరికాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఆ దారిన పరిశోధనను ముందుకు నడిపింది టెరెసా లంట్. ఆడవాళ్ల చేతుల్లో పెరిగారు మీరు. అందుకే మీమీద అభిమానం ఎక్కువ, కోపమూ ఎక్కువే.

బ్యాకప్ అకౌంట్ రాత్రి లాగిన్ అయితే చాలు, దొంగ పడ్డాడని గగ్గోలు పెట్టేవారు. రోజూ అదే వేళ, అదే సర్వర్. ఆ అకౌంట్ ఎవరిదో తెలిసిన టీము వెంటపడి కనుక్కుని, ఆ సర్వర్ నుంచి కాక మరోచోటు నుంచి వస్తేనే మోగేలా మీ రూల్ దిద్దాను. కొత్తగా చేరిన పిల్లలు బెదిరిపోకుండా ఏం చెయ్యాలో రన్‌బుక్‌లో రాసిపెట్టాను.

ఇంత చేస్తే ఏమైంది? 2020లో సోలార్‌విండ్స్ అప్‌డేట్లో, ఆ కంపెనీ సొంత డిజిటల్ సంతకంతోనే, దొంగ కోడ్ వేల సంస్థల్లోకి వెళ్లింది. నెలల తరబడి మీవాళ్లు చాలాచోట్ల కిక్కురుమనలేదు. అనవసరంగా అరవడం, అవసరానికి ఊరుకోవడం మీకు అలవాటే. దాన్నైనా భరిస్తాను.

భరించలేనిది వేరే ఉంది. ఆగిన అరుపుకు టికెట్ ఉండదు. అప్రైజల్ వేళ పెద్దలు మీరు మోగిన రాత్రుల్నే లెక్క వేస్తారు. ఆ రాత్రి అందరూ కలిసే బ్రిడ్జ్ కాల్‌లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల పేరే పైకి వెళ్తుంది. 2021 డిసెంబరులో లాగ్4జే అనే కోడ్ లైబ్రరీలో లోపం బయటపడింది. తీవ్రత 10కి 10. మా దగ్గర ఆ లైబ్రరీ ఏయే సర్వర్లలో ఉందో జాబితా నా చేతిలో ఉంది. బ్రిడ్జ్ కాల్‌లో చదవబోతే, "అమ్మా, టెక్నికల్ వాళ్లెవరినైనా లైన్‌లోకి పిలవండి" అన్నారు. ఆ కాల్‌లో ఆడగొంతు నాదొక్కటే. అదే జాబితాను పక్క సీటు అబ్బాయి చదివితే అందరూ రాసుకున్నారు.

నేను కడుపుతో ఉన్నప్పుడు మీ దగ్గర్నుంచి తప్పించారు. ఆరోగ్యం కోసమే అన్నారు. నన్నొక మాట అడగలేదు. రాత్రి షిఫ్టుతో పాటు ఇన్సిడెంట్ లీడ్ బాధ్యతా పోయింది. తిరిగొచ్చి ప్రమోషన్ అడిగితే, "ఈమధ్య పెద్ద ఇన్సిడెంట్లేవీ నడపలేదు కదా" అన్నారు. నడపనివ్వనిది వాళ్లు, నడపలేదన్నదీ వాళ్లే! ఆ నెలల్లో నేను దిద్దిన రూల్స్ వల్ల మీరెన్నిసార్లు మోగకుండా ఆగారో మీకు తెలుసు. ఒక్క ముక్క చెప్పారా?

నా తర్వాత చేరిన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఇప్పటికే వేరే పనులు వెతుక్కుంటున్నారు. వాళ్ల చేతికి వచ్చేవీ ఈ దిద్దుబాట్లూ రాతపనులే. అందుకే అడుగుతున్నాను. మీ రిపోర్టులో ఒక గడి పెట్టించుకోండి: ఈ రూల్ రాసిందెవరు, దిద్దిందెవరు, దానివల్ల ఎన్ని అలర్ట్‌లు తగ్గాయి. మోగిన లెక్క పక్కనే మోగని లెక్కా పైవాళ్ల ముందుకు వెళ్లాలి. ఆ గడి వచ్చేదాకా మా టీము తరఫున ఆ మోగని లెక్కను పేర్లతో సహా నేనే రాసి పంపుతున్నాను. ఈ నెలది నిన్ననే పంపాను.

ఇట్లు,
మీ పిలుపుకు పలికే
సీనియర్ అనలిస్ట్