రెండున్నర డాలర్ల చట్టం

1990లలో అమెరికాను ఒక పీనట్ బటర్ సీసా గడగడలాడించింది. జైల్లో ఒకడు పల్లీ పలుకులు తగిలే రకం అడిగితే మెత్తటిది ఇచ్చారట, అంతమాత్రానికే ఫెడరల్ కోర్టుకెక్కాడట! రాష్ట్రాల అటార్నీ జనరళ్లు ఈ కథను కనబడ్డవాళ్లందరికీ చెప్పారు. జనం పడీపడీ నవ్వారు. కాంగ్రెస్‌కు కోపమొచ్చింది. 1996 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో ఖైదీల వ్యాజ్యాలకు కళ్లెం వేసే చట్టం వచ్చేసింది.

జాన్ న్యూమన్ అనే ఫెడరల్ జడ్జికి మాత్రం కేసు కాగితాలు చదివే దురలవాటు ఉంది. తీరా చూస్తే గొడవ రుచి గురించి కానే కాదు. తెప్పించుకున్న సీసాల్లో ఒకటి వేరే రకం వచ్చింది, వెనక్కిచ్చేశాడు. బదులు సీసా వచ్చేలోగా అతన్ని ఇంకో జైలుకి మార్చారు. అతని జైలు ఖాతాలో కోసిన రెండున్నర డాలర్లు కోసినట్టే ఉన్నాయి. సరుకూ లేదు, సొమ్మూ లేదు. మనమైతే కొట్టు ముందు నిలబడి వీధంతా వినేలా అరిచేవాళ్లం. పాపం, అతను మర్యాదస్తుడు, దావా వేశాడు.

శ్వేతజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ ఆగడాలకు విరుగుడుగా 1871లో తెచ్చిన చట్టం కింద ఖైదీకి ఇప్పటికీ కోర్టుకెళ్లే హక్కుంది. 1996 చట్టం వల్ల దారే కాస్త చుట్టయింది. గార్డు కొట్టాడా? ముందు ఆ గార్డు పనిచేసే జైలుకే అర్జీ పెట్టుకోవాలి, వాళ్లు పెట్టిన గడువులోనే. గడువు దాటితే కోర్టు గడప తొక్కనక్కర్లేదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో, కాలిఫోర్నియాలో, గడువు 15 పనిదినాలు. ఒళ్లు వాచినా క్యాలెండర్ మీద చూపు తప్పకూడదు.

దావా వేయడానికి ఫీజు 350 డాలర్లు. బయటి పేదవాడికి మాఫీ దొరుకుతుంది, లోపలివాడికి వాయిదాలు దొరుకుతాయి. నెలనెలా ఖాతాలో పడినదాంట్లో ఐదో వంతు కోస్తారు. టెక్సాస్ ఖైదీలు చేసే చాకిరీకి కూలే ఇవ్వరు కాబట్టి అక్కడ ఇంటివాళ్లు పంపిన డబ్బుకే కత్తెర. ఇక మనసుకు తగిలిన దెబ్బకు పరిహారం కావాలంటే ఒంటి మీద దెబ్బ చూపించాలి. లైంగిక దాడి కూడా లెక్కలోకి రావాలన్న సంగతి చట్టానికి 2013లో గుర్తొచ్చింది.

ఆ ఏడే టెక్సాస్‌లో ఒక ఖైదీని ఆరు రోజుల పాటు రెండు గదుల్లో ఉంచారు. మొదటి గదిలో గోడల నిండా మలమేనంటూ అతను దావా వేశాడు. అది రాజ్యాంగ విరుద్ధమేనని అప్పీలు కోర్టూ ఒప్పుకుంది. కానీ ఆరు రోజులు మరీ ఎక్కువని అధికారులకు ముందే స్పష్టంగా చెప్పిన తీర్పు లేదు కదా అంటూ వాళ్లను వదిలేసింది. పాపం, ఎన్ని రోజులకు ఎక్కువవుతుందో వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది! 2020లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంటే పరిహారం ఇమ్మని కాదు, కేసు నడవనివ్వమని.