సిలబస్‌లో లేని దారి

ఢిల్లీలో సివిల్స్ కోచింగ్‌ల పేట ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నోట్సుకు కరువా? లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకానికి నోట్సు, ఆ నోట్సుకు షార్ట్ నోట్సు, దానికి మళ్ళీ జిరాక్సు! సివిల్స్ మెయిన్స్ మూడో జనరల్ స్టడీస్ పేపర్లో విపత్తు నిర్వహణ కూడా ఉంది. సునామీ వస్తే సర్కారు ఏం చెయ్యాలో మనవాళ్ళు 250 పదాల్లో దంచేస్తారు. వానొస్తే బేస్‌మెంటు లైబ్రరీలోంచి ఎటు పరిగెత్తాలో మాత్రం ఏ మెటీరియల్లోనూ ఉండదు.

2024 జూలై 27 సాయంత్రం ఇక్కడి ఒక కోచింగ్ సెంటర్లో అలాంటి బేస్‌మెంటులోకే వాననీళ్ళు దూకి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. కాగితాల మీద అది పార్కింగు, సామాన్ల గది. బయటికి దారెటని సామాన్లు అడగవు కదా! ఆ తర్వాత పోలీసులు భలే చురుగ్గా కదిలారు. అరెస్టయినవాళ్ళలో ఆ నీళ్ళలో రోడ్డు మీద కారు నడిపినాయనా ఉన్నాడు. మురుగు కాలువకు మాత్రం సరిపడే బేడీలు దొరకలేదు. చివరికి హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కరెంట్ అఫైర్స్ పక్కన ఒక పేజీ వదలండి. గంగారాం ఆసుపత్రి ఈ పేటలోనే ఉంది. మెట్రోకైతే కరోల్ బాగ్ లేదా రాజేంద్ర ప్లేస్. ఆపదకు 112. ఏ గల్లీలో గంట వానకే మోకాలి లోతు నీళ్ళొస్తాయో చాయ్ బండి భయ్యానడిగి రాసుకోండి. జిరాక్సు ఒకటి కార్పొరేషన్‌కూ పంపండి, పాపం వాళ్ళకిది అవుటాఫ్ సిలబస్!