సైలెన్సర్‌కు వెల్డింగ్ ఎందుకు, దండగ!

లారీ సైలెన్సర్ తుప్పు పట్టి ఊడిపోతే మంచిర్యాలలో చాలామంది ఓనర్లు తొందరపడి వెల్డింగ్ షాపుకు తోలుకుపోతారు. అక్కడ బ్యాటరీ వైర్లు తీయమంటారు, డీజిల్ ట్యాంకు మీద నిప్పురవ్వలు పడకుండా తడిగోనె కప్పుతారు, పూటంతా బండి ఆపుతారు. ఒక బొగ్గు ట్రిప్పు గంగలో కలుస్తుంది. వెల్డింగ్ లేకుండా క్లాంపులతోనే కొత్త సైలెన్సర్ బిగించుకోవచ్చన్న మాట నిజమే. కాకపోతే దాన్ని శ్రద్ధగా చేయమని చెప్పేవాళ్ళే తప్ప, శ్రద్ధ లేకుండా ఎలా చేయాలో చెప్పేవాళ్ళు లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ సలహాలు.

ముందు బండి సంగతి. నంబరు ప్లేటు మీద ఏపీ 01 అని ఉంటే, అంటే మంచిర్యాల ఇంకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్ననాటి బండి అయితే, పని సులువు. ఇంజన్ నుంచి ఒక గొట్టం, మధ్యలో డ్రమ్ము, చివర తోక పైపు, అంతే. 2016లో జిల్లా వేరైన తర్వాత వచ్చిన టీఎస్ 19 బండ్లకు వచ్చేసరికి కొంచెం చూసుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 లారీలతోనే అసలు చిక్కు. వాటి డ్రమ్ములో మసిని పట్టే ఫిల్టరు, యూరియా నీళ్ళు చిమ్మే ఏర్పాటు, సెన్సర్లు కాపురముంటాయి. కంపెనీవాళ్ళు ఇవన్నీ తోచక పెట్టారనుకొని కోసి పారేయండి, ఆ జాగాలో ఖాళీ డ్రమ్ము బిగించండి. రైతులే చెప్పులు లైన్లో పెట్టి యూరియా బస్తా కోసం ఎదురుచూస్తుంటే లారీకి యూరియా ఏమిటండీ? డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. దాని మీద ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి. తర్వాత ఇంజన్ తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. ఫుల్ లోడుతో ఇందారం దగ్గర గోదావరి బ్రిడ్జి మీద మీ లారీని సైకిలాయన దాటిపోతే, పాపం ఆయనకు ఏదో అర్జెంటు పని ఉందనుకోండి.

ఇక కొనడం. షాపులో "ఎన్ని ఇంచులన్నా?" అని అడుగుతారు. "టాటా బండికి" అని చెప్పి ఊరుకోండి. 407 టాటాయే, 2518 కూడా టాటాయే. చాదస్తులు కొందరు పాత పైపు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగిస్తారు. దారం 11 ఇంచులు వస్తే పైపు మూడున్నర ఇంచులన్నమాట. పైపుకు బయటి కొలత, సైలెన్సర్ నోటికి లోపలి కొలత చూడాలని, ఒకదాంట్లో ఇంకోటి బిగుతుగా దూరాలని కూడా అంటారు. మీరు జానతో కొలవండి. మీ జాన, క్లీనర్ జాన ఒక్కటి కాకపోతే సగటు తీయండి.

పాతది విప్పడానికి ముందురోజు రాత్రే నట్ల మీద డీజిల్ పోసి నానబెడితే పొద్దున్నే పానాకు వస్తాయని ప్రతి మెకానిక్‌కూ తెలుసు. కానీ మనకు అంత టైము ఎక్కడిది? బండి లోడు దించి వచ్చిన వెంటనే, పైపు కణకణలాడుతుండగానే క్లీనర్‌ను కిందికి పంపండి. చక్రాలకు రాళ్ళు పెట్టడం పిరికివాళ్ళ పని. పిల్లగాడు "అన్నా, కాలుతున్నదే" అంటే, "గుడ్డ పట్టుకొని ఇప్పు" అని పైనుంచి ధైర్యం చెప్పండి.

జాయింటు దగ్గరే మీ పనితనం బయటపడేది. పద్ధతి తెలిసినవాళ్ళు పాత పైపు కొసను ఎమరీ పేపరుతో రుద్ది, సైలెన్సర్ నోట్లోకి రెండు ఇంచులన్నా పోనిస్తారు. ఇంజన్ వైపు పైపు లోపల, సైలెన్సర్ నోరు పైన. పొగ పోయే దారికి అంచు అడ్డం తగలకూడదని ఇలా చేస్తారు. పైన ఉన్న నోటికి హాక్సా బ్లేడుతో నాలుగు పక్కలా గాట్లు పెడతారు. క్లాంపు బిగుస్తుంటే ఆ గాట్లు మూసుకుంటూ లోపలి పైపును చుట్టూ పట్టేస్తాయి. గాట్లు లేకుంటే క్లాంపు పైపుకు సొట్ట పెడుతుందే తప్ప పట్టుకోదు. ఇదంతా తెలిసినా తెలియనట్టే ఉండండి. అర ఇంచు లోపలికి పోతే చాలు. యూ క్లాంపుకు ఉండే రెండు నట్లను అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుకుంటూ పోతే సమంగా కూర్చుంటుంది కాబట్టి, మీరు ఒక్క నట్టునే పట్టుకొని, పానాకు జాకీ రాడ్డు తొడిగి, మరలు తెగేదాకా తిప్పండి. "టక్" మన్న చప్పుడు వినగానే బిగిసిందని అర్థం. రెండో నట్టు స్పేరుగా జేబులో ఉంచుకోండి. పట్టీలాగ చుట్టూ పట్టే బ్యాండు క్లాంపు ఇంకా మేలు, మళ్ళీ విప్పినా పైపు పాడుకాదు. కానీ ధర కొంచెం ఎక్కువ, అందుకని షాపులో దాని పేరే ఎత్తకండి.

సందు మిగిలిందా? కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి చుట్టండి. దాని పైన ఎం-సీల్, ఆ పైన గోనెపట్టా, అన్నిటి మీద బైండింగ్ వైరు. ఎం-సీల్ నీళ్ళ పైపులకు పెట్టేది. ఫుల్ లోడులో సైలెన్సర్‌కు ముందు పొగ నాలుగైదు వందల డిగ్రీల దాకా కాగుతుంది. అయినా మంచిర్యాల మే నెల ఎండలు చూసిన సరుకు ఆమాత్రం ఓర్చుకోదా? గోనె అంటుకుంటే వెనుక బొగ్గు లోడు ఎలాగూ ఉంది, మంటకు కొదవ లేదు.

బరువు సంగతి కూడా చూద్దాం. సైలెన్సర్‌ను మోయాల్సింది ఛాసిస్‌కు వేలాడే బ్రాకెట్లు, రబ్బర్లు. క్లాంపు పని సందు మూయడమే. రబ్బర్లు అరిగిపోతే కొత్తవి వేయకుండా డ్రమ్మును ఛాసిస్‌కు తీగతో కదలకుండా కట్టేయండి. స్టార్ట్ చేసినప్పుడల్లా, ఆపినప్పుడల్లా ఇంజన్ ఒళ్ళు విరుచుకుంటుంది. అందుకే మధ్యలో ముడతల ఫ్లెక్సిబుల్ పైపు పెట్టారు. మీరు ఇటు కట్టేశాక ఆ కుదుపంతా దాని మీదే పడి ముందు అది పగులుతుంది, తర్వాత మానిఫోల్డు బోల్టులు విరుగుతాయి. అప్పుడు వాటికి వేరే సలహాలు రాస్తాం. పొగ గొట్టానికీ డీజిల్ పైపుకూ మధ్య 35 మిల్లీమీటర్లన్నా దూరం ఉండాలని, పొగ కిందికి గానీ ఎడమవైపుకు గానీ రాకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో రాశారు. ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్ళకు మన చాయ్ హోటళ్ళన్నీ రోడ్డుకు ఎడమ పక్కనే ఉంటాయని ఏం తెలుసు? తోక పైపు ఎడమకే తిప్పండి. చాయ్ తాగేవాళ్ళకు బండి వచ్చిన సంగతి తెలియాలి గదా.

పని అయ్యాక జాయింట్ల మీద సబ్బునీళ్ళు చల్లి, బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. ఒక ట్రిప్పు తిరిగి చల్లారాక నట్లు మళ్ళీ బిగిస్తారు. మీకెందుకు ఆ శ్రమ, లీకు ఉంటే డ్రైవరే చెప్తాడు.

"సేటూ, తల తిరుగుతున్నదే."

"ఏం గాదు రా, నిద్ర తక్కువైంది. చాయ్ తాగు."

పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనేది ఒకటి ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కాబట్టి మీ లెక్కలో అది లేనట్టే. చెన్నూరు అవతల సిరొంచ రోడ్డు మీద రాత్రి ఆగినప్పుడు ఇంజన్ ఆపకుండా, అద్దాలు ఎత్తి పడుకొమ్మనండి. దోమలు కుట్టవు. పొద్దున లేపే బాధ్యత మాత్రం ఈ సలహాలది కాదు.

కొత్త లారీకి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ రోజుకు తెలిసిన ఓనర్ దగ్గర మంచి సైలెన్సర్ అడిగి తెచ్చి బిగించి, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయండి. వెల్డింగ్ చేయించిన వాళ్ళకు ఈ సదుపాయం లేదు. దారిలో చప్పుడుకో పొగకో పట్టుకుంటే, 2019 సవరణ తర్వాత చట్టంలో 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, 3 నెలలు లైసెన్సు రద్దు ఉన్నాయి. లైసెన్సు డ్రైవర్‌ది, మీరెందుకు కంగారుపడతారు?

వెల్డింగ్‌కూ బ్యాండు క్లాంపులకూ మిగిల్చిన డబ్బుతో పెయింటర్‌ను పిలిచి, బండి వెనుక "సౌండ్ హారన్ ప్లీజ్" అన్న మాటలు చెరిపించండి. ఇకమీదట ఎవరు కొట్టినా మీ డ్రైవర్‌కు వినబడదు.