కిల్లారి గోడలో రాయిని

నేను నల్లరాయిని. చదువుకున్నవాళ్లు బసాల్టు అంటారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం నేల చీలికల్లోంచి పొంగిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టి దక్కన్ పీఠభూమిలో చాలా భాగాన్ని కప్పేసింది. అందులో ముక్కనే నేను. ఆ రోజుల్లో నేల అదరడం మాకు మామూలే. శిలాద్రవం దారి చేసుకుంటూ పైకి తన్నుకొస్తుంటే చుట్టుపక్కల రాళ్లు పగిలేవి. అగ్నిపర్వతాల భూకంపాలు అలాంటివి. నన్ను ముంచింది అది కాదు.

మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారిలో ఒక రైతు నన్ను ఇంటి గోడలో పెట్టించాడు. ఆ గోడ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రెండడుగుల పైచిలుకు మందం. లోపలి వైపు ఒక రాతి వరుస, బయటి వైపు ఇంకొకటి, నడుమ గులకా మట్టీ. రెండు వరుసలనూ కలిపి పట్టే పొడవాటి రాయి ఒక్కటీ లేదు. పైన దూలాలు, వాటిమీద అడుగుకు మించిన మట్టి. రాయలసీమ మట్టిమిద్దెలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలం లోపల హాయిగా ఉండేది. వానకు కారినప్పుడల్లా ఇంకో నాలుగు తట్టల మట్టి పైకెక్కేది. అలా మా నెత్తిన బరువు పెరుగుతూనే ఉంది. 1992లో నేల కొన్నిసార్లు వణికింది. జనం భయపడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు. వాళ్లననేం లాభం? సర్కారు భూకంప పటంలోనే మా ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న మండలంలో ఉండేది.

భారత ఫలకం ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. పెద్ద భూకంపాలు ఎక్కువగా ఆ అంచున, హిమాలయాల్లోనే వస్తాయి. కానీ ఆ ఒత్తిడి ఫలకం నడిమధ్యకూ పాకుతుంది, పాత పగుళ్లలో పోగుపడుతుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) శాస్త్రవేత్తలు తర్వాత కిల్లారిలో బోరు వేసి చూస్తే మా నల్లరాతి పొర మందం 338 మీటర్లే. కింద ఉన్నవన్నీ మాకన్నా ఎంతో పాత శిలలు, ఆ పాత పగుళ్లున్నది వాటిలోనే.

1993 సెప్టెంబరు 30, తెల్లవారుజాము 3.56. ముందురోజే వినాయక నిమజ్జనం, ఊరంతా ఆదమరిచి నిద్రపోతోంది. మొదట కింది నుంచి ఒక కుదుపు, వెంట ఉరుము లాంటి మోత. ఆ వెనకే పక్కలకు ఊపేసే అలలు వచ్చాయి. గోడ రెండు వరుసలూ చెరోవైపు విడిపోయాయి, నడుమ మట్టి జారింది, మిద్దె మొత్తం లోపలికి దిగింది. తీవ్రత 6.2. భూకంప నాభి లోతు తక్కువ కావడంతో దెబ్బంతా పైనే తగిలింది. దాదాపు పదివేల మంది పోయారు. హైదరాబాదులోనూ అదురు తెలిసింది. మా ఊళ్లో మనుషుల మీద పడింది మాత్రం మేమే, రాళ్లమూ మట్టీ.

దగ్గర్లోని తేర్నా జలాశయాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. నిండిన జలాశయం నీరు పగుళ్లలోకి ఇంకి ఒత్తిడి పెంచితే భూకంపం రావడం నిజమే. 1967 డిసెంబరు 11న కోయన జలాశయం దగ్గర వచ్చినదాన్ని అందుకు పెద్ద ఉదాహరణగా చెబుతారు. మా విషయంలో మాత్రం శాస్త్రవేత్తలు ఒక్కమాట మీద లేరు.

అయినా గోడలు కూలడంతోనే ప్రమాదం ఆగదు. కొండచరియలు విరిగిపడతాయి, తడి ఇసుకనేల బురదై పునాదులను మింగుతుంది. 2004లో సుమత్రా దగ్గర సముద్రగర్భం కదిలితే సునామీ ఆంధ్ర తీరాన్నీ తాకింది.

2002లో సర్కారు భూకంప పటం మారింది, మా ప్రాంతం ఇంకాస్త ఎక్కువ ప్రమాదమున్న మూడో మండలంలోకి చేరింది. నన్ను శిథిలాల్లోంచి ఏరి పక్క ఊళ్లో ఇంకో గోడలో పెట్టారు. ఈసారి సిమెంటు పోశారు. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాళ్లు అక్కడక్కడా వేశారు. గుమ్మాల పైన ఇంటిచుట్టూ కాంక్రీటు పట్టీ, కప్పుకు రేకులు. ఎండాకాలం ఉడికిపోతున్నామని ఇంటావిడ సణుగుడు. రేకులు తీసేసి మళ్లీ మట్టి పోయిద్దామని ఆవిడ కొడుకు మొన్న మేస్త్రీని పిలిచాడు. మేస్త్రీ ససేమిరా అన్నాడు.