ఎనిమిది వంతెనల పెట్టె

ఈ పెట్టె ‘నేను’ అనదు. మూడు వందల ఏళ్లుగా అందరూ ‘ఇది’ అని వేలు చూపించడమే విన్నది. తన కథ కూడా అలాగే చెప్పుకుంటుంది.

ఉండేది టోక్యో నేషనల్ మ్యూజియంలో. పొడవు 27 సెంటీమీటర్ల పైచిలుకు. పై అర సిరా రాయికి, కింది అర కాగితాలకు. జాతీయ నిధి అన్న హోదా వచ్చింది, రాసుకునేవాళ్లు పోయారు.

చూసేవాళ్లు బంగారం దగ్గర ఆగిపోతారు. పెట్టె మాత్రం తన పుట్టుకను నలుపు దగ్గర మొదలుపెడుతుంది. ఆ నలుపు ఉరుషి అనే చెట్టు పాలు. ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్క పురుగు ఇచ్చేది. ఇది అది కాదు. ఉరుషి మన మామిడికి, నల్లజీడికి చుట్టం. జీడి రసం తగిలితే ఒళ్లు పొక్కినట్టే దీనికీ పొక్కుతుంది. చెట్టును పదీ పదిహేనేళ్లు పెంచి, ఒక్క కాలమంతా గాట్లు పెడితే దక్కేది ఒక గ్లాసు పాలు. ఆ తర్వాత చెట్టును నరికేస్తారు. ఇంకో విచిత్రం, ఈ పాలు ఎండలో ఆరవు. తేమ నిండిన అలమరలో పెడితేనే గట్టిపడతాయి.

ఆ నలుపు మీద బొమ్మ ఒగాతా కోరిన్‌ది (1658–1716). క్యోటోలో పట్టుబట్టల వ్యాపారి కొడుకు. తండ్రి ఆస్తిని హాయిగా కరగదీసినవాడు. ఖరీదైన బట్టల నడుమ పెరిగిన కన్ను కాబట్టే కాబోలు, తడి ఉరుషి మీద బంగారు పొడి చల్లి ఆకులు తీర్చి, ముత్యపుచిప్పతో పూలు పొదిగి, వంతెన పలకలకు మాత్రం సీసపు రేకు వేశాడు. బంగారం పక్కన సీసమా అని వెనకాడలేదు.

ఈ బొమ్మ వెనక కథ ‘ఇసె మొనొగతరి’ అనే పాత జపాన్ కథల పుస్తకంలోది. రాజధాని వదిలి వెళ్తున్న ఒక పెద్దమనిషి ఎనిమిది వంతెనల చోట ఐరిస్ పూలు చూశాడు. ఆ పువ్వు పేరు కకిత్సుబత. అందులోని ఐదు అక్షరాలతో ఐదు పాదాలు మొదలయ్యేలా పద్యం చెప్పాడు. మన అవధానుల న్యస్తాక్షరికి దగ్గరి పనే! వెంట ఉన్నవాళ్ల కన్నీళ్లకు ఎండు అన్నం నానిపోయిందట. పెట్టె మీద ఆ మనిషీ లేడు, కన్నీళ్లూ లేవు. పూలు, పలకలు, అంతే.

తనలాంటి ఉరుషి వస్తువుల గట్టిదనం గురించి అడిగితే పెట్టె ఓడ కథ ఎత్తుకుంటుంది. 1873 వియన్నా ప్రదర్శనకు వెళ్లిన జపాన్ వస్తువులు తిరిగి వస్తుండగా, 1874 మార్చిలో ‘నీల్’ ఓడ ఇజు తీరం దగ్గర మునిగింది. మరుసటి ఏడాది కొన్ని పైకి తీశారు. ఉప్పునీళ్లలో అన్నాళ్లున్నా ఉరుషి వస్తువులు పెద్దగా చెక్కుచెదరలేదు. సముద్రానికి బెదరని ఉరుషి వెలుతురుకు మాత్రం బెదురుతుంది. అందుకే ప్రదర్శనలో దీపాలు మసకగా ఉంటాయి, పెట్టె ఏడాది పొడవునా బయట ఉండదు.

ఉన్న రోజుల్లో దాని పట్టు ఒకటే. వంతెన మూత మీద మొదలై పక్కలకు దిగి, మూల తిరిగి పోతుంది. ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్లినవాళ్లకు సగం పలకలే దక్కుతాయి. అద్దాల పెట్టె చుట్టూ ఒక్క చుట్టు తిరిగినవాళ్లు మాత్రం వంతెన దాటినట్టు.